ఎడారిలో సుందరి క్యారియర్

మామిడికుదురు,
జనవరి 4.

చెల్లి సుందరికి అన్నయ్య ఏసుపాదం దీవెనలు.

నువ్వు నన్ను ఫోనులో బ్లాకు చేశావని, ఎదురుపడినా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావని నీ కూతురు రేచల్ చెప్పింది. "మాట్లాడనంది గానీ చదవననలేదు కదా మావయ్యా" అని ఉపాయం చెప్పింది కూడా అదే. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవరు కొన్నాను. కౌంటరులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "నిజంగా ఉత్తరమే రాస్తారాండీ?" అంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా మార్నింగ్ వాక్ సంఘంలో పదకొండు మందిమి, నేను అధ్యక్షుణ్ణి. పోయిన వరదల్లో గట్టు మునిగి, ఇరవై రోజులు నడక లేక ఇళ్లల్లో కూర్చున్నాం. అప్పుడు మా కార్యదర్శి, రొయ్యల చెరువుల కామరాజు గారు విసిగిపోయి, "ఒక్క చుక్క నీరు లేని చోటు ఈ దేశంలో ఎక్కడైనా ఉందేమో చెప్పండి మాస్టారూ, జీపులేసుకుని పోదాం" అన్నారు. చెరువు గట్ల బురదలో తిరగడానికి ఆయన దగ్గర నాలుగు చక్రాలూ లాగే జీపులు రెండున్నాయి, వాళ్ల బావమరిది దగ్గర ఇంకో రెండు. అలా రాజస్థాన్ ఎడారి మా ఎజెండాలోకి ఎక్కింది. ఇంతలో మా పాస్టరు గారు, ఈస్టరు ముందు శ్రమకాలంలో అందరూ ఏసీ గదుల్లో ఉపవాసాలుంటున్నారని ప్రసంగంలో చురక పెట్టారు. శ్రమ పడాలంటే అదే అదను అనుకుని ఫిబ్రవరి ఆఖరుకి ముహూర్తం పెట్టుకున్నాం.

నువ్వూ వస్తానని సంఘానికి అర్జీ ఇచ్చావు. చర్చించాం. గుడారాల్లో మకాం ఆడవాళ్లకి కష్టమని సభ తీర్మానించింది. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు. అధ్యక్షుడంటే గంట కొట్టేవాడే తప్ప గంట తయారుచేసేవాడు కాదు. పెద్ద మనసు చేసుకుని ఫోను ఎత్తు.

మీ అన్నయ్య
ఏసుపాదం


ముమ్మిడివరం,
జనవరి 11.

మార్నింగ్ వాక్ సంఘం అధ్యక్షులు శ్రీ ఏసుపాదం గారికి,

మీరు అని రాస్తున్నానంటే గౌరవం అనుకోకండి. నాకు బాగా కోపం వచ్చినప్పుడే మీరు అంటానని మీకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

నేను పుట్టింది గోదారి మధ్య లంకలో. కాపురానికి వచ్చింది ఏటిగట్టు పక్కకి. ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసి, ప్రతి ఏడూ నడుంలోతు నీళ్లలో మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఆస్పత్రి జీపు డ్రైవరు రాని రోజున నేనే నడిపాను. గట్టు మీద, రెండు పక్కలా వరద, వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి. ఆ జీపుకి నాలుగు చక్రాలూ లాగడం మాట దేవుడెరుగు, ఒక్కోసారి రెండు కూడా లాగేవి కావు. అయినా అమలాపురం చేర్చాను. ఆ నాకు జీపులో కూర్చోవడం కష్టమని, రోజూ రెండు కిలోమీటర్లు నడిచి మూడు చోట్ల టీ తాగే పదకొండు మంది తీర్మానించారు.

నాకు అరవై రెండేళ్లు. ఎటు చూసినా నీళ్లు లేని చోట, "సిస్టరు గారూ" అని ఎవరూ పిలవని చోట ఒక్క పూట నిలబడాలని ఉంది. నా కోసం నేను అడిగింది ఇదొక్కటే. ఆ ఇసకలో నా కాలు పడేదాకా మీతో మాట్లాడను. ఇది కూడా తీర్మానమే. ఏకగ్రీవం.

షుగరు మాత్రలు పక్కనే పెట్టుకోండి. ఖాళీ కడుపుతో ఉండకండి.

సుందరి


మామిడికుదురు,
ఫిబ్రవరి 20.

సుందరీ,

ఆటో సత్తియ్య చేత నువ్వు పంపిన క్యారియర్ అందింది. మూడు గిన్నెల్లో ఇరవై నాలుగు ఉడికించిన గుడ్లు, పైన "రోజుకి రెండు, తప్పకుండా" అని నీ చీటీ. క్యారియర్ మీద "సుందరి, నర్సు, ముమ్మిడివరం" అని చెక్కించిన అక్షరాలు చూడగానే, నువ్వు నా మీద కోపంగా లేవని అనిపించింది. చీటీలో కూడా "ఏసుపాదం గారికి" అని ఉండటం చూసి మళ్లీ అనుమానం వచ్చింది.

కానీ ఏం లాభం? మొన్న సభలో నేనే లేచి, యాత్ర పూర్తయ్యేదాకా మాంసం, చేప, గుడ్డు ఎవరూ ముట్టకూడదని ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకున్నారు. కామరాజు గారికి మన చర్చితో సంబంధం లేకపోయినా, "ఆయ్, తమరు తిననప్పుడు మేం మాత్రం ఎలా తింటామండీ" అన్నారు. అంచేత నీ గుడ్లు పక్కింటి జాయ్‌కి ఇచ్చేశాను. ఆవిడ చాలా సంతోషించింది. నిన్ను తలుచుకుంది.

రేపు బయల్దేరుతున్నాం. నాలుగు జీపుల నిండా కొబ్బరిబొండాలు సర్దాం. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన అనిల్ కుమార్, గ్యాసు హెచ్చరిక బోర్డు లేనిదే జీపు ఎక్కనన్నాడు. మన వైపు ఊళ్ల కింద గ్యాసు పైపులైన్లు కదా, ఎప్పుడు ఎక్కడ లీకవుతాయో తెలీదు, చివరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా ఆ బోర్డు కడతాం. ఎడారిలో ఎవరు చదువుతారయ్యా అంటే, "మనం చదువుతాం కదండీ" అన్నాడు. బోర్డు కూడా ఎక్కించాం.

ఏసుపాదం


జైసల్మేరు దాటాక ఒక చిన్న ఊరు, పోస్టాఫీసు అరుగు మీద నుంచి,
మార్చి 3.

సుందరీ,

మేమందరం క్షేమం. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే మిగతాది చదివితే నీకు గుండె దడ పుడుతుంది.

ఎడారి అంటే అంతా ఇసకే అనుకున్నాను. ముందు రాళ్లు, ముళ్ల పొదలు, మేకలు. ఇసక దిబ్బలు తరవాత వచ్చాయి. దారి చూపడానికి భూరారామ్ అనే పెద్దాయన్ని వెంట పెట్టుకున్నాం. ఆయనకి తెలుగు రాదు, మాకు ఆయన భాష రాదు. మొదటి మకాంలోనే ఆయన మమ్మల్ని అదోలా చూశాడు. మనవాళ్లు గుడారాలు వేసి, అలవాటు కొద్దీ చుట్టూ కాలవలు తవ్వారు, వాన పడితే నీరు పోవాలి కదా. అక్కడ వాన పడి పదహారు నెలలైందని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. కామరాజు గారు నాలుగు జీపులనీ మోకులతో ఒకదానికొకటి కట్టి, కొసతాడు పెద్ద రాయికి చుట్టారు. ఎందుకండీ అంటే, "ఏమో మాస్టారూ, పొద్దున్న లేచేసరికి కొట్టుకుపోతే?" అన్నారు. తాతల నాటి నుంచీ పడవలున్న ఇల్లు వాళ్లది.

మూడో రోజు పొద్దున్న పది గంటలకి టీ పెట్టబోతుంటే మా సంఘంలోని శ్యామ్ బాబు ముక్కు ఎగబీల్చి, "వాసనొస్తుందండీ" అన్నాడు. వచ్చింది. మామూలు వాసన కాదు. మన వైపు పుట్టినవాళ్లకి ఆ మాట వింటే చాలు, ఒంట్లో ఒక్క నరం కూడా నిలవదు. అందరూ నా కేసి చూశారు. నేను జీపు వెనక తలుపు తెరిచి, ఒకసారి తొంగి చూసి, మళ్లీ వేసి, "గ్యాసే" అన్నాను.

ఇంక చూడు. అనిల్ కుమార్ ఈల ఊదాడు. పొయ్యి ఆర్పేశారు. ఫోన్లు కట్టేశారు. జీపు స్టార్టు చేస్తే నిప్పురవ్వ రావచ్చు కాబట్టి తాళాలు కూడా ముట్టుకోలేదు. భూరారామ్ మాత్రం ముక్కు మూసుకుని, నా జీపు వెనక వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పాడు. ఎంత ధైర్యం అనుకున్నాం. అంతలో ఆయన బీడీ తీసి వెలిగించాడు. పదిమంది ఒక్కసారిగా మీద పడి కొబ్బరినీళ్లు కుమ్మరించి ఆర్పేశారు. ఈ ఏడాది ఆ ఎడారిలో తడిసిన మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

గాలికి ఎదురుగా అరగంట నడిచి, మేకలు కాసుకునేవాళ్ల గుడిసెల దగ్గర ఆగాం. నాలుగు జీపులు కనుచూపు మేరలోనే ఉన్నాయి. అయినా రెండు రోజులు అక్కడే సజ్జరొట్టె, మజ్జిగ తింటూ కూర్చున్నాం. మూడో పొద్దున్న ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఎవరూ కదల్లేదు. నేను లేచాను. "మీకసలే షుగరు, వద్దండీ మాస్టారూ" అని అనిల్ కుమార్ ఏడ్చేశాడు. నేనొక్కణ్ణే వెళ్లాను. కాసేపటికి దిబ్బెక్కి తువ్వాలు ఊపాను. వాసన పోయింది. ఆ చోట బోర్డు పాతి, అందరం బయల్దేరాం.

ఊళ్లో నాకు సన్మానం చేస్తారట. వద్దనే చెప్పాను, మరీ గట్టిగా కాదు.

ఏసుపాదం


ముమ్మిడివరం,
మార్చి 16.

వీరులైన ఏసుపాదం గారికి,

నా క్యారియర్ ఎక్కడుంది?

జాయ్ గారు మొన్న బజార్లో కనబడితే, గుడ్లు బాగున్నాయా అని అడిగాను. "గుడ్లేంటండీ? మాస్టారు గారు ఇన్నేళ్లలో మాకు ఒక చింతకాయన్నా ఇవ్వలేదండీ" అన్నారు. పోనీ క్యారియర్ అయినా తిరిగిచ్చేస్తారేమోనని సత్తియ్యని మీ ఇంటికి పంపించాను. మీరు పెరటి గుమ్మంలోంచి చర్చికి వెళ్లిపోయారట. ఆ రోజు మంగళవారం.

ముప్ఫై నాలుగేళ్లు ఆస్పత్రిలో చేశాను. దేని వాసన ఏదో చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఉడికించిన గుడ్డు ఏడు రోజులు ఎండలో, మూసిన జీపులో, గిన్నెలో ఉంటే ఏమవుతుందో మీ ఉత్తరం చదువుతుంటేనే నాకు తెలిసిపోయింది. మీరు తలుపు తెరిచి, తొంగి చూసి, మళ్లీ వేశారు. అదే చాలు నాకు.

అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం వేరే ఉంది. కామరాజు గారి భార్య వీరలక్ష్మి గారికి బీపీ చూడ్డానికి వెళ్లాను. తీర్మానాల పుస్తకం వాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది. జనవరి రెండో తారీఖు పేజీ చూశాను. నా అర్జీకి అనుకూలం ఐదుగురు. వ్యతిరేకం ఐదుగురు. అధ్యక్షుల వారి ఓటు, వ్యతిరేకం. కింద మీ సంతకం, బడి రిజిస్టర్లో పెట్టినట్టే గుండ్రంగా.

మీ చేతుల్లో ఏమీ లేదన్నారు. ఉన్నదంతా మీ చేతుల్లోనే ఉంది అన్నయ్య గారూ. కామరాజు గారు నాకు ఓటేశారు. అనిల్ కుమార్ గారు వేశారు. బొత్తిగా పరిచయం లేనివాళ్లు ఇద్దరు వేశారు. గుడ్ల సంగతి మర్చిపోగలను, ఆ ఆరో ఓటు మర్చిపోలేను. చాలా బాధ పడ్డాను. ఇది మాత్రం కోపంతో రాయడం లేదు.

సన్మానానికి వస్తాను. మొదటి వరసలో కూర్చుంటాను. మాట్లాడను.

సుందరి


మామిడికుదురు,
ఏప్రిల్ 7.

సుందరీ,

నిన్న సన్మానంలో నాకు శాలువా కప్పగానే నువ్వు లేచి వెళ్లిపోయావు. నువ్వు ఒళ్లో పెట్టుకున్న చేతిసంచి చూసి, అందులో ఏం సాక్ష్యం తెచ్చావోనని అప్పటిదాకా దాని మీదే కన్నేసి కూర్చున్నాను. నువ్వు వెళ్లాక రేచల్ ఆ సంచి తెచ్చి నాకిచ్చింది. అందులో నా షుగరు మాత్రలు, ఒక అరటిపండు ఉన్నాయి. సభలు ఆలస్యమవుతాయని తెచ్చావట. అవి చూశాక ఇంక కుర్చీలో కూర్చోలేకపోయాను.

మైకు దగ్గరికి వెళ్లి, "కోడిగుడ్లండీ" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. కామరాజు గారు "ఆయ్?" అన్నారు.

"గ్యాసు కాదండీ. గుడ్లు. నావే" అన్నాను.

అంతా చెప్పేశాను. గుడ్లు వద్దని అందరి చేతా ఒట్టు పెట్టించి, క్యారియర్ని తువ్వాల్లో చుట్టి నా జీపు వెనక స్పేరు చక్రం కింద దాచాను. దారి పొడుగునా పెట్రోలు బంకుల బాత్రూముల్లో దూరి ఆరు తిన్నాను. ఎడారికి చేరాక బాత్రూములు లేవు, తినడం కుదర్లేదు. దిబ్బల మీద కుదుపులకి మూత ఊడింది. తలుపు తెరిచినప్పుడే చూశాను. అప్పుడు నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నా నోట్లోంచి గ్యాసే వచ్చింది. మూడో రోజు నేనొక్కణ్ణే వీరుడిలా వెళ్లింది ఆ క్యారియర్ని గొయ్యి తీసి పాతిపెట్టడానికి. గొయ్యి కనబడకుండా దాని మీదే బోర్డు పాతాను.

అనిల్ కుమార్ లేచి, "మరి నేను ఏడ్చేనే మాస్టారూ! నిజంగా ఏడ్చేనండీ!" అన్నాడు. మిగతా సభంతా ఒక్కసారిగా నవ్వింది. వాడొక్కడూ నవ్వలేదు. వాడికి రెండు చేతులూ జోడించాను.

ఇప్పుడు ఆరో ఓటు. అది మైకులో చెప్పలేదు, నీకే చెప్పాలి. నీకు కష్టమని కాదు. నువ్వొస్తే మొదటి జీపు నువ్వే నడుపుతావు. నాకు గేరు మార్చడం కూడా సరిగ్గా రాదని అందరికీ తెలిసిపోతుంది. హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, చెల్లెలు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడం నామోషీ అనిపించింది. అంతే. రాస్తుంటేనే సిగ్గేస్తోంది. నన్ను క్షమించు.

శాలువా వద్దన్నాను. పాపం భూరారామ్‌కి కొబ్బరినీళ్లతో స్నానం చేయించాం కదా, ఆయనకి ఇవ్వాలని సభ నిర్ణయించింది. ఇంకో తీర్మానం కూడా జరిగింది. నవంబరులో మళ్లీ ఎడారి యాత్ర, ఈసారి ఆడవాళ్లతో కలిపి. మొదటి జీపు సుందరి గారు నడుపుతారు. అధ్యక్షుడు ఊళ్లోనే ఉండి, కామరాజు గారి రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోకుండా చూసుకోవాలి. అనుకూలం పదకొండు. నా ఓటుతో కలిపి.

అన్నయ్య


భూరారామ్ గారి గుడిసె, ఎడారి,
నవంబరు 23.

అన్నయ్యా,

మేము క్షేమం. రొయ్యలు క్షేమమా? ఏరేటరు ఆగితే ఫ్యూజు చూడు, ప్రార్థన మొదలుపెట్టకు.

నాలుగు జీపులూ వచ్చాయి. మొదటిది నేను నడిపాను. పక్క సీట్లో వీరలక్ష్మి గారు, వెనక జాయ్ గారు, ఆవిడ పక్కన అనిల్ కుమార్ గారు. టైర్లలో సగం గాలి తీసేస్తే తప్ప ఇసకలో నడవవని భూరారామ్ గారు సైగ చేశారు. మనవాళ్లు గాలి తీయడం అపశకునం అన్నారు. నేను దిగి పదహారు టైర్లకీ తీశాను. ఒక్క బండీ కూరుకోలేదు. కామరాజు గారు ఈసారి కూడా జీపులకి మోకులు కట్టారు. కట్టుకోనిచ్చాను.

శాలువా ఇచ్చాం. భూరారామ్ గారు దాన్ని కళ్లకద్దుకుని, తరవాత ముక్కు మూసుకుని జీపు వెనక వైపు చూపించి, గుడిసె ముందు కూలబడి మరీ నవ్వారు. వాళ్లావిడ నవ్వింది. మేకలు కూడా అటే చూశాయి. పోయినసారి ఆయన చెప్పింది ఇదేనని అనిల్ కుమార్ గారికి ఇప్పుడు అర్థమైంది. మళ్లీ ఏడవబోయారు, నేను ఊరుకోమన్నాను.

మర్నాడు ఆ చోటు చూపిస్తానని తీసుకెళ్లారు. దూరం నుంచే మన బోర్డు కనబడింది. తెలుగులో "గ్యాస్ వాసన వచ్చినచోట అగ్గిపుల్ల గీయరాదు, మామిడికుదురు మార్నింగ్ వాక్ సంఘం". దాని చుట్టూ నడుం ఎత్తు రాళ్ల గుట్ట. ఇదేంటని సైగ చేశాను. అంతలోనే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, బీడీ ఆర్పేసి, ఒక రాయి తెచ్చి గుట్ట మీద పెట్టి, రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. జాయ్ గారు తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో అడిగి తెలుసుకున్నారు. మీవాళ్లు పదిమందీ ఇక్కడ బీడీ మీద పడి ఆర్పిన సంగతి చుట్టుపక్కల పాకిపోయిందట. ఎవరో పెద్ద మనిషి ఇక్కడ సమాధిలో పడుకున్నాడని, ఇక్కడ నిప్పు వెలిగించకూడదని అందరూ అనుకుంటున్నారు. బోర్డు ఎవరూ చదవలేరు, అయినా అందులో రాసినట్టే నడుచుకుంటున్నారు. మన ఊళ్లో ఇన్నేళ్లుగా ఒక్కడు కూడా అలా నడుచుకోలేదు.

ఆ గుట్ట పైన ఏముందో చెప్పనా? నా క్యారియర్. గాలికి ఇసక కొట్టుకుపోయి బయటపడితే, మేకలు కాసే ఒక ముసలావిడ తీసి, కడిగి, రోజూ ఇసకతో తోమి అక్కడ పెడుతోందట. నా వంటింట్లో కూడా అది అంతలా మెరవలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, దాని మీద చెక్కిన అక్షరాలు వేలితో తడిమి, కళ్లు మూసుకుంది. సుందరి, నర్సు, ముమ్మిడివరం. ఆ పడుకున్న పెద్ద మనిషి పేరు అదేనట.

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. జాయ్ గారు నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దన్నాను. వాళ్లందర్నీ జీపుల దగ్గరికి పంపేసి, కాసేపు ఒక్కదాన్నే నిలబడ్డాను. అన్నయ్యా, ఎటు చూసినా నీళ్లు లేవు. కాలవ చప్పుడు లేదు. ఎవరూ నన్ను పిలవలేదు. ఒక్క పూట చాలనుకున్నాను, నిజంగానే చాలింది. నాకు హాయిగా ఉంది.

క్యారియర్ తెచ్చేద్దామని చెయ్యి వేసి, మళ్లీ తీసేశాను. నన్ను రావద్దని ఓటేసినవాడివి, నా పేరుని మాత్రం స్పేరు చక్రం కింద దాచుకుని రెండు వేల కిలోమీటర్లు మోసుకొచ్చి, నీ చేత్తోనే ఇక్కడ పాతావు. నాకంటే తొమ్మిది నెలలు ముందు వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

నా కాలు ఇసకలో పడింది కాబట్టి తీర్మానం రద్దు. ఫోను బ్లాకు తీసేశాను. ఇక్కడ సిగ్నలు లేక ఉత్తరం రాస్తున్నాను.

వచ్చే ఏడు నువ్వూ రా. నేను నడుపుతాను, నువ్వు పక్క సీట్లో కూర్చో. కొత్త క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, రోజుకి రెండు, అందరి ముందూ తిను.

నీ చెల్లి
సుందరి